వాతావరణం పడలేదా, వైద్యం సరిపోలేదా? బెంగళూరు బడి పిల్లల్లో ఎలర్జీ, ఆస్తమా

"మావాడికి బెంగళూరు వాతావరణం పడలేదండీ." మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్.పురం వైపు నలుగురు తెలుగు తల్లిదండ్రులు కలిసిన చోట ఈ మాట వినపడకుండా ఉండదు. అనంతపురంలోనో కడపలోనో ఉన్నన్నాళ్లు నిక్షేపంగా ఉన్న పిల్లవాడు, ఇక్కడికొచ్చి బడిలో చేరిన ఏడాదికల్లా రాత్రిపూట దగ్గడం మొదలుపెడతాడు. పొద్దున లేస్తూనే వరసబెట్టి తుమ్ములు. జూన్, జులై వచ్చాయంటే నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే యంత్రం). వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి పంపితే చేత్తో తీసేసినట్టు తగ్గిపోతుంది. తిరిగొచ్చిన నెలకల్లా కథ మళ్లీ మొదటికి.

కళ్లారా చూసి చెబుతున్నవాళ్లను తప్పుబట్టలేం. కానీ అమ్మమ్మగారింటికి పంపేది ఏ నెలల్లో? ఏప్రిల్, మే. అప్పుడు బడి ఉండదు కాబట్టి పక్క బెంచీ పిల్లల జలుబు అంటదు. సీమ ఎండలకు పరుపుల్లోని దుమ్ము పురుగులు బతకలేవు. పొద్దున్నే స్కూల్ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడే పనీ ఉండదు. అదే పిల్లవాణ్ని జులై ముసురులో అక్కడి బడికి పంపి చూసినవాళ్లు ఎవరున్నారు? రెండు ఊళ్లను పోలుస్తున్నామనుకుంటూ మనం రెండు నెలల్ని పోలుస్తున్నాం.

ఆస్తమా విషయంలో తికమకంతా ఇలాంటి చోటే మొదలవుతుంది. ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఇంతమందిలో ఈ పిల్లకే ఎందుకొచ్చింది? మొదట్లో లేనిది మధ్యలో ఎలా మొదలైంది? నిన్నటిదాకా బాగున్న పిల్లకు ఈ రాత్రి ఎందుకు ఎక్కువైంది? మొదటిదానికి జవాబు చాలావరకు వంశంలో దొరుకుతుంది. రెండోదానికి, తొలి ఏళ్లలో ఆ ఊపిరితిత్తులు ఏమేం ఎదుర్కొన్నాయో అందులో. మూడోదానికి, ఈ వారం తగిలిన జలుబులోనో పొగలోనో. మన శక్తంతా మూడో ప్రశ్న మీదే పెడతాం. పెరుగు మాన్పిస్తాం, అరటిపండు మాన్పిస్తాం, ఆటలు మాన్పిస్తాం, చివరికి ఉద్యోగం హైదరాబాద్‌కు మార్చుకుందామా అనేదాకా వెళ్తాం. వైద్యం మాత్రం సగంలో ఆపేస్తాం. ఈ ఊరి పిల్లలకు గాలి చేస్తున్న కీడు నిజమే, దాని సంగతి కింద చెబుతాను. కానీ సగంలో ఆగిన వైద్యం చేస్తున్న కీడు అంతకంటే పెద్దదని నా అభిప్రాయం.

లోపల ఏం జరుగుతుంది

ఎలర్జీ అంటే శరీరం అపాయం లేనిదాన్ని శత్రువనుకుని తిరగబడటం. పుప్పొడి, దుమ్ము పురుగుల మలం, పిల్లి ఒంటి మీది ప్రోటీన్ లాంటివాటి మీద కొందరి శరీరం ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. 1960ల్లో ఇషిజాకా దంపతులు దీన్ని బయటపెట్టేదాకా ఎలర్జీ ఒక అంతుపట్టని వ్యవహారంగానే ఉండేది. ఈ యాంటీబాడీలు ముక్కు, చర్మం, శ్వాసనాళాల పొరల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. ఆ పదార్థం మళ్లీ తగలగానే కణంలోంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. ముక్కులో అయితే తుమ్ములు, నీరు కారడం; కళ్లలో దురద; చర్మం మీద దద్దుర్లు.

ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచే ఉంటుంది. పిల్లవాడు చక్కగా ఆడుకుంటున్న రోజు కూడా ఆ వాపు నివురుగప్పిన నిప్పులా లోపల ఉంటుంది. జలుబో, పొగో, చల్లగాలో తగిలితే నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, పొర ఇంకా ఉబ్బుతుంది, కఫం చేరుతుంది. ఆ ఇరుకులోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినపడేవే పిల్లికూతలు. కొందరు పిల్లల్లో ఈ కూతలు వినపడవు. రాత్రి రెండింటికో మూడింటికో వచ్చే పొడిదగ్గు, పరిగెత్తితే దగ్గు, నవ్వితే దగ్గు, అంతే. అలాంటి పిల్లలు దగ్గు సిరప్‌ల మీద ఏళ్లు గడిపేస్తారు.

ఎలర్జీ ఉన్నవారందరికీ ఆస్తమా రాదు, ఆస్తమా ఉన్నవారందరికీ ఎలర్జీ ఉండదు. అయితే బడి వయసులో రెండూ కలిసి కనపడటం ఎక్కువ. పసితనంలో బుగ్గల మీద, తర్వాత మోచేతి మడతల్లో దురదతో ఎగ్జిమా, నాలుగైదేళ్లకు ముక్కు, ఆ వెనక ఛాతీ అనే వరస చాలా ఇళ్లలో కనపడుతుంది. ముక్కు సంగతి పట్టించుకోకుండా ఛాతీకే మందు వేస్తే సగం పనే అవుతుంది.

30 శాతమా, 3 శాతమా?

"బెంగళూరులో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి ఆస్తమా" అని మీరు ఎక్కడో చదివే ఉంటారు. ఆ మాట వెనక నిజమైన పరిశోధన ఉంది. పిల్లల ఊపిరితిత్తుల నిపుణుడు డాక్టర్ హెచ్. పరమేశ్ నగరంలో 20,000 మంది పిల్లల వివరాలు చూసి, 2002లో ఫలితాలు ప్రచురించారు. 18 ఏళ్ల లోపు పిల్లల్లో ఆస్తమా 1979లో 9 శాతం, 1984లో 10.5, 1989లో 18.5, 1994లో 24.5, 1999లో 29.5 శాతం. ఇరవై ఏళ్లలో మూడింతలు. నగరం పెరిగిన తీరుతో, వాహనాలతో ఆ పెరుగుదల సరిపోలింది కూడా.

ఇవి ఆసుపత్రి అంకెలు. ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఎంతమందికి ఆస్తమా ఉందో అవి చెబుతాయి. ఇంట్లో హాయిగా ఉన్న పిల్లలు ఆ లెక్కలోకే రారు. శ్వాస సమస్యలకు పేరున్న చోటికి శ్వాస సమస్యలున్నవారే ఎక్కువగా వస్తారు. పైగా ఆ ఇరవై ఏళ్లలో ఆస్తమాను గుర్తించే నేర్పు డాక్టర్లలోనూ పెరిగింది. పెరుగుదల నిజమే, కానీ 29.5ను తీసుకెళ్లి ఊళ్లోని పిల్లలందరికీ అంటగట్టడం సరికాదు.

అదే పరిశోధనలో నాకు మరింత విలువైనదిగా కనపడే భాగం వేరే ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. 12 బడుల్లో 6 నుంచి 15 ఏళ్ల వయసున్న 6,550 మంది పిల్లలను సర్వే చేశారు. ట్రాఫిక్ తక్కువున్న చోటి బడుల్లో ఆస్తమా 11.15 శాతం. ట్రాఫిక్ ఎక్కువున్న చోట 19.34. ట్రాఫిక్ ఎక్కువ, పైగా పేద కుటుంబాల పిల్లలు చదివే బడుల్లో 31.14. పల్లెల్లో చూస్తే 5.7 శాతమే.

ఈ అంకెల్ని కాస్త నిలబడి చూడాలి. మూడు రకాల బడులూ ఉన్నది ఒకే ఊళ్లో. అందరికీ అదే ఎత్తు, అదే వాన, అదే చలి. వాతావరణమే కారణమైతే 11కీ 31కీ అంత తేడా రాకూడదు. తేడా తెచ్చింది రోడ్డు, ఇల్లు, డబ్బు. ఇంకో అపోహ కూడా దీంతో పోవాలి. ఆస్తమా ఏసీ గదుల్లో, అపార్ట్‌మెంట్లలో సుకుమారంగా పెరిగే పిల్లల జబ్బని చాలామంది నమ్మకం. అందరికంటే ఎక్కువ అంకె పేద పిల్లలదే. ఇన్హేలర్ కొనే స్తోమత అందరికంటే తక్కువున్నదీ వాళ్లకే.

మరి 3 శాతం ఎక్కడిది? 2022లో ప్రచురితమైన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ అధ్యయనంలో మైసూరు సహా దేశంలోని 9 కేంద్రాల్లో బడి పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను ప్రశ్నించారు. గత 12 నెలల్లో పిల్లికూతలు వచ్చినవారు 6–7 ఏళ్లవారిలో 3.16 శాతం, 13–14 ఏళ్లవారిలో 3.63 శాతం. ఇందులో బెంగళూరు లేదు. ప్రశ్న కూడా వేరు: ఎప్పుడైనా వచ్చిందా అని అడిగితే ఒక అంకె, గత ఏడాదిలో అంటే ఒకటి, డాక్టరు పరీక్ష చేసి తేలిస్తే మరొకటి. కాబట్టి 30, 3 అనే రెండు అంకెలూ అబద్ధం కావు. అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఆ అధ్యయనంలో నన్ను ఆపేసిన అంకె మరొకటి. పిల్లికూతలు ఉన్నవారిలో 82 శాతం మందికి, తీవ్రమైన లక్షణాలున్నవారిలోనే 70 శాతం మందికి, అది ఆస్తమా అని ఏ డాక్టరూ చెప్పలేదు. రోజూ వాడాల్సిన ఇన్హేలర్ వాడుతున్నవారు నూటికి ముగ్గురు కూడా లేరు. 2019 నాటి ప్రపంచ జబ్బుల భారం అంచనాల్లో దీని ఫలితం కనపడుతుంది. అన్ని వయసులూ కలిపి ప్రపంచ ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతం, ఆస్తమా మరణాల్లో 42 శాతానికి పైనే.

రోడ్డు, ఇల్లు, చెట్టు

ఇప్పుడు గాలి సంగతి. వాహనాల పొగ రెండు పనులు చేస్తుంది. ఉన్న ఆస్తమాను రెచ్చగొడుతుంది. కొత్తగా ఆస్తమా రావడానికీ దోహదం చేస్తుంది. డీజిల్ పొగలోని సన్నని రేణువులు ఎలర్జీ కారకాలతో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఐజీఈ స్పందన పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ వల్ల 2015లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 40 లక్షల మంది పిల్లలకు కొత్తగా ఆస్తమా వచ్చిందని, అందులో మూడున్నర లక్షల మంది మన దేశం వాళ్లని 2019లో ఒక అంచనా వెలువడింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పొద్దున ఎనిమిదింటికి బస్సు కోసం నిలబడే పిల్లల ముక్కు పెద్దల ముక్కుకంటే సైలెన్సర్లకు దగ్గరగా ఉంటుంది. రోడ్డుకు ఆనుకుని ఉన్న ఇంటికీ, ఓ వంద, రెండొందల మీటర్లు లోపలికి ఉన్న ఇంటికీ మధ్య ఈ పొగ చాలా తగ్గుతుంది. బస్ స్టాప్‌ను గేటు బయట నుంచి లేఅవుట్ లోపలికి మార్పించడం చిన్న పనే. అసోసియేషన్ మీటింగుల్లో పార్కింగ్ గొడవల తర్వాత దీనికి సమయం మిగలదు.

ఇంట్లో పొగ గురించి మాట్లాడితే మాత్రం మనకు కోపం వస్తుంది. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్నని ధూళి వస్తుందని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం కూడా పొగే. శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేసి తలుపులు మూసేసే అలవాటున్న ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్ల ఉంటే ఆ రాత్రి దగ్గుకు వేరే కారణం వెతకనక్కర్లేదు. పూజ మానమని కాదు, కిటికీలు తెరిచి, పిల్ల లేని గదిలో కానివ్వమని. సిగరెట్ గురించి వేరే చెప్పాలా? బాల్కనీలో తాగి వచ్చినా చొక్కాకు అంటుకుని లోపలికి వస్తుంది.

దుమ్ము పురుగుల విషయంలో బెంగళూరు వాతావరణానికి నిజంగానే కొంత పాత్ర ఉంది. కంటికి కనపడని ఈ పురుగులు పరుపుల్లో, దిండ్లలో, సోఫాల్లో ఉంటూ మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటాయి. ఇవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. తేమ 50 శాతం కంటే బాగా తగ్గి చాలా రోజులు అలాగే ఉంటే ఎండిపోయి చస్తాయి. అనంతపురం మే నెలలో ఆ పని ఎండే చేసిపెడుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, చల్లగా, వానాకాలమంతా తేమగా ఉండే ఇక్కడ వాటికి ఏ ఇబ్బందీ లేదు. ఎలర్జీ తెప్పించేది పురుగు కాదు, ప్రధానంగా దాని మలం. అందుకే పురుగుల మందు కొట్టినా లాభం లేదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకడం, పరుపుకు జిప్ ఉన్న కవర్ వేయడం, గోడకు చెమ్మ దిగుతుంటే ముందు అది బాగుచేయించడం పనిచేస్తాయి. ఎండ వచ్చిన రోజు పరుపు మేడమీద పడేసే మన అమ్మమ్మల పద్ధతి కూడా మంచిదే. పదమూడో అంతస్తులో ఆ మేడ ఎక్కడుంది అన్నది వేరే సంగతి.

ఇక పూల చెట్లు. ఫిబ్రవరి, మార్చిలో టబెబూయా గులాబీ రంగులో విరగబూయగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చెట్లు కొట్టించాలన్న చర్చ మొదలవుతుంది. పాపం ఆ చెట్లు చేసిన నేరం ఏమీ లేదు. కంటికి ఇంపుగా పెద్ద పూలు పూసే చెట్లు తేనెటీగల కోసం పూస్తాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో అంతగా తేలదు. ముక్కులోకి వచ్చేది ఎవరూ తలెత్తి చూడని మొక్కల పుప్పొడి: గడ్డి జాతులు, సరుగుడు, సర్కారు తుమ్మ, తోటకూర జాతి కలుపు మొక్కలు. ఎండాకాలంలో దూదిలా ఎగిరే బూరుగు పోగులను కూడా జనం పుప్పొడి అనుకుంటారు. అవి విత్తనాలను మోసే పోగులు మాత్రమే.

ఇక్కడ అసలు అనుమానించాల్సిన మొక్క వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. 1950ల్లో పుణె దగ్గర మొదట కనపడి దేశమంతా పాకింది. బెంగళూరులో ఖాళీ సైట్లు, రైలు పట్టాల పక్కలు, సగం కట్టి ఆపేసిన లేఅవుట్లు దీని రాజ్యం. 1991లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇక్కడ ముక్కు ఎలర్జీ ఉన్న రోగులకు చర్మ పరీక్ష చేస్తే సుమారు మూడోవంతు మందికి దీని పుప్పొడి పడదని తేలింది. పూత రాకముందే పీకించాలి, పీకేవాళ్ల చేతులకు తొడుగులుండాలి, ఎందుకంటే తగిలితే చర్మం కూడా పుండవుతుంది. అందమైన చెట్టు కొట్టించడానికి సంతకాలు పెట్టేవాళ్లు పక్క సైట్లో నడుమెత్తు పెరిగిన ఈ గడ్డి గురించి ఒక్క ఫిర్యాదు పెట్టరు.

పావురాల గురించి కూడా అడుగుతుంటారు. వాటి రెట్టల వల్ల వచ్చేది ఎక్కువగా ఊపిరితిత్తుల్లో మరో రకం జబ్బు, ఆస్తమా కాదు. అయినా బాల్కనీకి వల కట్టించుకోవడం మంచిదే.

ఇన్ని చెప్పినా, బడి పిల్లల్లో ఆస్తమా ఉన్నట్టుండి ఎక్కువ కావడానికి మొదటి కారణం వీటిలో ఏదీ కాదు. మామూలు జలుబు. పిల్లల్లో ఆస్తమా విజృంభించినప్పుడు పరీక్ష చేస్తే 80 నుంచి 85 శాతం సందర్భాల్లో వైరస్ దొరికిందని 1995లోనే బ్రిటన్‌లో తేల్చారు. కర్ణాటకలో బడులు తెరిచేది మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో, వానలు దిగేదీ అప్పుడే. సెలవులకు తలా ఒక ఊరు వెళ్లొచ్చిన నలభై మంది ఒక్క గదిలో కూర్చుంటారు. జూన్, జులై కష్టాలు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి.

మట్టిలో ఆడితే రాదా?

పల్లెల్లో 5.7 శాతం అన్న అంకె చూడగానే "మట్టిలో ఆడనిస్తే అన్నీ పోతాయి" అనే మామయ్య ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆయన మాటలో కొంత పస ఉంది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 17,000 మందికి పైగా పిల్లల వివరాలు చూసి, అన్నలూ అక్కలూ ఎక్కువున్న పిల్లలకు ముక్కు ఎలర్జీ తక్కువని గమనించాడు. చిన్నప్పుడే సూక్ష్మజీవులు బాగా తగిలితే రోగనిరోధక వ్యవస్థ సరిగ్గా నేర్చుకుంటుందన్న వాదన అక్కడ మొదలైంది. 2016లో అమెరికాలో దీనికి చక్కని ఉదాహరణ దొరికింది. ఆమిష్, హటరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలు. వంశ మూలాలు, తిండి, జీవనం దాదాపు ఒకటే. ఆమిష్ వాళ్లు ఇంటి పక్కనే పశువుల పాక పెట్టుకుని పాతకాలం పద్ధతిలో సాగుచేస్తారు. హటరైట్లది యంత్రాల సాగు, పశువులు ఇళ్లకు దూరం. బడి పిల్లల్లో ఆస్తమా మొదటివాళ్లలో 5.2 శాతం, రెండోవాళ్లలో 21.3.

అయితే మామయ్య గమనించనిది, ఇక్కడ రక్షణ ఇస్తున్నది పసితనం నుంచీ రోజూ తగిలే పశువుల పాక దుమ్ము, అందులోని రకరకాల సూక్ష్మజీవులు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ కూడలి దుమ్ముకు ఆ గుణం లేదు. ఎనిమిదేళ్లు వచ్చి ఆస్తమా మొదలైన పిల్లను సెలవుల్లో పొలంలో దొర్లించినా ఆ గుణం వెనక్కి రాదు. నగరంలోని పేద ఇళ్ల పిల్లలకు సూక్ష్మజీవులు తక్కువేమీ తగలవు, అయినా 31 శాతం అంకె వాళ్లదే. పొగ, చెమ్మ, బొద్దింకలు, ఇరుకు గదుల్లో పదేపదే వచ్చే వైరస్‌లు ఆ రక్షణను మింగేస్తాయి.

వంశం గురించి నేను ఎక్కువ చెప్పను. తల్లికో తండ్రికో ఉంటే అవకాశం పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు తక్కువ ఉండటం, ఆ తర్వాత అధిక బరువు కూడా ముప్పును పెంచుతాయి. పదేళ్ల లోపు మగపిల్లల్లో ఎక్కువ, యుక్తవయసు వచ్చాక ఆడపిల్లల్లో.

పరీక్ష కాగితం ఏం చెబుతుంది?

ఒకసారి రక్తం ఇస్తే వంద పదార్థాలకు ఎలర్జీ పరీక్ష చేస్తామనే ప్యాకేజీలు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి. రెండు మూడు పేజీల కాగితం వస్తుంది. అందులో ఎర్ర రంగులో వంకాయ, పెసరపప్పు, గోధుమ, రొయ్య. ఆ రోజు నుంచి ఇంట్లో అవన్నీ బంద్. పిల్లవాడికి చారు అన్నమే గతి.

ఐజీఈ ఉన్నంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. కర్ణాటకలో 7–10 ఏళ్ల పిల్లల మీద జరిగిన అంతర్జాతీయ అధ్యయనంలో ఈ సంగతి నమ్మలేనంత స్పష్టంగా బయటపడింది. ఏదో ఒక ఆహారానికి పరీక్ష పాజిటివ్ వచ్చినవారు ఐదుగురిలో ఒకరు. లక్షణాలతో కూడిన ఎలర్జీ ఉండొచ్చని తేలినవారు 0.14 శాతం, అంటే వెయ్యి మందిలో ఒకరిద్దరు. తిన్న కాసేపటికి పెదవులు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, ఊపిరాడకపోవడం లాంటివి జరిగి ఉంటే ఆ ఆహారం గురించి పరీక్ష అర్థవంతం. హాయిగా తింటున్నదాన్ని కాగితం చూసి మాన్పించడం ఎదిగే పిల్లకు అన్యాయం. పెరుగు, అరటిపండు, ఐస్‌క్రీమ్ ఆస్తమా తెప్పించవు. మరీ చల్లనివి తగిలితే కొందరికి కాసేపు దగ్గు వస్తుంది, అంతవరకే.

ఇన్హేలర్ అంటే ఎందుకింత టెన్షన్?

డాక్టరు చీటీ మీద "వీజింగ్", "ఎలర్జిక్ బ్రాంకైటిస్" అని రాసి, నోటితో మాత్రం ఆస్తమా అనరు. ఆ మాట అంటే ఈ తల్లిదండ్రులు రేపటి నుంచి వేరే డాక్టరు దగ్గరకు వెళ్తారని వాళ్లకు తెలుసు. ఆడపిల్ల అయితే పెళ్లి దాకా వెళ్తుంది ఆలోచన. దాంతో మూడు రోజుల సిరప్, ఐదు రోజుల యాంటీబయాటిక్, నెలకోసారి నెబ్యులైజర్.

ఆయాసానికిచ్చే సాల్బుటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో సాధారణంగా 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు ఇన్హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. లెక్క కడితే ఒక చెంచా సిరప్ 20 పఫ్‌లకు సమానం. సిరప్ కడుపులోకి, రక్తంలోకి వెళ్లి, గుండె దడ, చేతుల వణుకు తెప్పించి, చివర్లో కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది. పఫ్ నేరుగా అక్కడికే వెళ్తుంది. "ఇన్హేలర్ స్ట్రాంగ్ కదండీ, సిరప్ ఇవ్వండి" అని అడిగే తల్లికి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు. లోపలి వాపు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇన్హేలర్, డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. స్టెరాయిడ్ మాట వినగానే పిల్ల ఎదగదేమోనని భయం. ఆ భయానికి కచ్చితమైన అంకె ఉంది. అమెరికాలో పిల్లలకు నాలుగేళ్లకు పైగా రోజూ బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్హేలర్ ఇచ్చి, పెద్దయ్యాక కొలిస్తే, ఇవ్వనివారికంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారు. అది మందు మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో వచ్చిన తేడా, ఆపైన పెరగలేదు. ఆయాసంతో నిద్రలేని రాత్రులు, ఏడాదికి నాలుగుసార్లు మింగే స్టెరాయిడ్ మాత్రలు దీనికంటే ఎక్కువ నష్టం చేస్తాయి. అలవాటుపడిపోతారన్న మాటకైతే ఏ ఆధారమూ లేదు.

వాడే తీరు కూడా మందంత ముఖ్యం. స్పేసర్ (ఇన్హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) లేకుండా పిల్ల నోట్లో కొడితే మందు చాలావరకు గొంతుకే అంటుకుంటుంది. డబ్బా ఊపాలి, స్పేసర్‌కు తగిలించాలి, ఒక్క పఫ్ కొట్టి ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసుకోనివ్వాలి, రెండో పఫ్‌కు మళ్లీ ఊపాలి. స్టెరాయిడ్ అయితే తర్వాత నోరు పుక్కిలించాలి. స్పేసర్‌ను గిన్నెల సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్టాటిక్ కరెంట్ పుట్టి మందును గోడలకు లాగేసుకుంటుంది.

మృగశిర కార్తెకు హైదరాబాద్ రైలెక్కే కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అయినా "మా అన్న కొడుక్కి తగ్గింది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అది మూడేళ్లు వరసగా తీసుకోవాలంటారు. అమెరికాలోని టూసాన్‌లో 826 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తే, మూడేళ్ల లోపు పిల్లికూతలు వచ్చినవారిలో సుమారు 60 శాతం మందికి ఆరేళ్లకల్లా అవి లేవు. ఏ మందూ వేయకపోయినా చాలామంది చిన్నపిల్లలకు ఆ మూడేళ్లలో తగ్గేదే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆస్తమా ఉండి, పిల్లకు ఎగ్జిమా ఉండి, జలుబు లేనప్పుడు కూడా కూతలు వస్తుంటే మాత్రం దానంతటదే పోతుందని కూర్చోకూడదు. చేప మింగారా లేదా అన్నదానికంటే, మింగాక ఇన్హేలర్ ఆపేశారా అన్నదే నాకు భయం.

ఎప్పుడు పరిగెత్తాలో కూడా తెలిసుండాలి. పిల్ల చొక్కా పైకెత్తి చూడండి. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య, గొంతు కింది గుంటలో చర్మం లోపలికి పోతుంటే, ఒక్క వాక్యం కూడా ఆగకుండా చెప్పలేకపోతుంటే, పెదవులు నీలంగా మారుతుంటే సాల్బుటమాల్ కొడుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి పిల్ల నీరసించిపోతే అది తగ్గినట్టు కాదు, గాలే ఆడటం లేదని.

బడిలో

అడ్మిషన్ ఫారంలో ఆరోగ్య సమస్యల గడి ఖాళీగా వదిలేసే తల్లిదండ్రులు ఎక్కువ. సీటు ఇవ్వరేమో, ఆటలకు తీసుకోరేమోనని. బడివాళ్ల తీరూ అలాగే ఉంటుంది. నాకు తెలిసిన ఒక బడిలో పిల్లల ఇన్హేలర్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసేవారు, తాళంచెవి ఉన్నావిడ మధ్యాహ్నం భోజనానికి వెళ్లేది. ఇన్హేలర్ పిల్ల బ్యాగులోనే ఉండాలి, పిల్ల చిన్నదైతే క్లాస్ టీచర్ దగ్గర.

సుద్దముక్కల దుమ్ము ఆస్తమా తెప్పించదు గానీ ముందు బెంచీ పిల్లను దగ్గించగలదు. ధూళి రాదని అమ్మే కొన్ని సుద్దముక్కల్లో పాల ప్రోటీన్ కేసిన్ ఉంటుంది, పాల ఎలర్జీ ఉన్న పిల్లకు అదొక ముప్పు. పీటీ పీరియడ్ మాన్పించాల్సిన పనిలేదు. పరిగెత్తితే దగ్గు వస్తుందంటే చాలాసార్లు మందు సరిపోవడం లేదని అర్థం, ముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. నెమ్మదిగా వార్మప్ చేయించి, అవసరమైతే డాక్టరు చెప్పినట్టు ముందుగా రెండు పఫ్‌లు ఇచ్చి ఆడనివ్వొచ్చు.

టీచర్ చేతికి ఒక్క కాగితం ఇస్తే చాలు: మందు పేరు, ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి మళ్లీ ఇవ్వాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇద్దరి ఫోన్ నంబర్లు. డాక్టరు సంతకంతో. టర్మ్ మొదట్లో బ్యాగులోని ఇన్హేలర్‌ను కూడా ఓసారి తీసి చూడాలి. డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లుంటాయి. అవి అయిపోయాక కూడా నొక్కితే కొన్నిసార్లు బుస్సుమంటూ గాలి వస్తూనే ఉంటుంది, అందులో మందు ఉండదు. కౌంటర్ ఉన్నది కొంటే మంచిది. లేకపోతే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో డబ్బా మీదే రాసుకుని, వాడినన్ని పఫ్‌లు లెక్కపెట్టుకోవాలి.